పసుపు పట్టిన స్పోరన్

మా సొసైటీ వాళ్లు ఈమధ్య నియమాల జాబితా తిరగరాసి ప్రతి లిఫ్టులోనూ అంటించారు. కుక్కల్ని ఎక్కడ తిప్పాలి, గోడలకు డ్రిల్లింగు ఎన్నింటి దాకా, బారాత్ గేటు లోపలికి ఎంతవరకు రావచ్చు లాంటివన్నీ అయ్యాక చిట్టచివర ఇరవై మూడో నియమం ఒకటుంది: బాల్కనీలలో జంతు చర్మాలు ఆరబెట్టరాదు. పదిహేనో అంతస్తులో కొత్తగా దిగిన హైదరాబాదు అమ్మాయి మొన్న సాయంత్రం దాన్ని రెండుసార్లు చదువుకుంది. నా చేతిలో కరివేపాకు కట్ట చూసి తెలుగువాడినని పోల్చుకుని, "ఇదేంది అంకుల్, గ్రేటర్ నోయిడాల బాల్కనీల తోళ్లు ఎవరారేస్తరు?" అనడిగింది. "ఎవరో ఆరేసే ఉంటారమ్మా, ఊరికే రాయరుగా" అన్నాను. పదకొండో అంతస్తు రాగానే దిగిపోయాను. ఇన్నేళ్లు బతికి ఈ లోకం మీద మనం వేసిన ముద్ర ఏమిటని ఒక్కోసారి దిగులేస్తుంది. నాది లిఫ్టులో ఉంది. లామినేషన్ కూడా చేయించారు.

ఆ తోలు మా మామగారి కోసం. ఆయనది బాపట్ల దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్లకు పటాలంలో చేరితే, పొగ అలవాటు లేని గుంటూరు జిల్లావాడు దొరికాడన్న సంబరంలో బ్యాండులో వేసి, చంకలో తోలుసంచి పెట్టుకుని ఊదే బ్యాగ్‌పైప్ ఇచ్చారట. మా అత్తగారు ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో నర్సు. పరేడు రిహార్సల్లో కాలు బెణికి కట్టు కట్టించుకోవడానికి వెళ్లిన మనిషి ఆవిడను "సిస్టర్‌గారూ" అని పిలిచాడు. ఆ తర్వాత పెళ్లయి, పిల్లలు పుట్టి, ఇద్దరూ రిటైరై మా ఇంట్లో ఉండటానికి వచ్చినా ఆ పిలుపు మారలేదు. ఆవిడ మామూలుగా "ఏవండీ" అంటుంది, కోపమొస్తే "హవల్దారుగారూ" అంటుంది. వంటింట్లోంచి "హవల్దారుగారూ" అని వినబడితే మేమంతా ఎవరి గదుల్లోకి వాళ్లం వెళ్లిపోయి ఏదో ఒక పని చూసుకుంటాం.

రెండేళ్ల కిందట మా తెలుగు చర్చికి యాభయ్యేళ్లు నిండుతున్నాయని డిసెంబరులో ఊరేగింపు పెట్టుకున్నారు. శంకుస్థాపన రోజున మామగారితో కలిపి ఆరుగురు పైపర్లు ముందు నడిచారట. ఆ ఆరుగురిలో మిగిలింది ఈయనే. చర్చి పెద్దలు వచ్చి, శాలువా కప్పుతాం, ముందు వరసలో కూర్చోండి చాలు అన్నారు. ఆయన టీ కప్పు కింద పెట్టి, "కూర్చునేదేంది, ఊదుతాను" అన్నారు. అంతకు మూడు నెలల ముందే ఆయన ఊపిరితిత్తులు పరీక్షించిన డాక్టరు, మనవరాలి పుట్టినరోజుకు బెలూను కూడా ఊదొద్దని చెప్పి పంపించాడు. ఢిల్లీ చలికాలంలో మామూలు మనుషులకే గాలి అరకొరగా అందుతుంది. ఆయనకు బాత్రూము నుంచి సోఫాకు రావడమే ఒక మజిలీ. అయినా అత్తగారు ఒక్క మాటా అనలేదు. ముప్పయ్యేళ్లు పేషెంట్లతో వేగిన మనిషి ఒక్క మాటా అనకపోతే భయపడాలని నాకు అప్పటికింకా తెలియదు.

మర్నాడు మామగారు బ్యాండు దుస్తుల ట్రంకుపెట్టె తెరిచారు. పావడాలా కట్టుకునే గళ్ల కిల్టు బాగానే ఉంది. మేజోళ్లు ఉన్నాయి. పోయింది స్పోరనే. తెలియనివారి కోసం చెబుతున్నాను, కిల్టుకు జేబులుండవు. అందుకని నడుముకు గొలుసు కట్టి ముందు వైపు ఒక తోలుసంచి వేలాడదీస్తారు. మామూలు రోజులకు ఉట్టి తోలుది, పండగ పూట వేసుకునేదానికి ముందంతా తెల్లటి బొచ్చు, పైన వెండిరంగు లోహపు పట్టీ, బొచ్చు మీద మూడు నల్ల కుచ్చులు. మామగారిదాంట్లో పురుగులు బొచ్చంతా తిని, తోలు పెళుసుబారి, లోహపు పట్టీ ఒక్కటే మిగిలింది. మనిషి పోయాక పళ్లసెట్టు మిగిలినట్టు. "అయ్యో, పోనీలెండి, ఏంచేస్తాం" అన్నారు అత్తగారు, కాస్త తొందరగానే. స్పోరన్ లేకుండా ఊదడమనే ప్రసక్తి మామగారి దగ్గర లేదు. "స్పోరన్ లేకుండా కిల్టు కట్టినోడికీ లుంగీ కట్టినోడికీ తేడా ఏముంది బాబూ?" అన్నారు నాతో. తేడా గళ్లలో ఉంటుందేమోనని నాకనిపించింది కాని అనలేదు.

మా ఆవిడ తండ్రి ముఖం చూడలేక మీరట్ నుంచి రెడీమేడ్‌ది ఒకటి తెప్పించింది. ఆయన దాని బొచ్చును ఒకసారి నిమిరి, "ఏ బొమ్మ ఎలుగుబంటిని చంపారమ్మా?" అని తిరిగిచ్చేశారు. ఇంట్లోనే చేద్దామన్నారు. పటాలంలో తోలుపని చేసే మోచీ దగ్గర కూర్చుని అంతా చూశాననీ, ఉప్పు, పటిక, ఓపిక ఉంటే చాలనీ చెప్పారు. ఉప్పు, పటిక ఆయన తెప్పించుకున్నారు. మూడోది నా వంతుకు వచ్చింది. నేను ఆ రోజుల్లో గురుగ్రామ్‌కు రానూపోనూ రోజుకు నాలుగు గంటలు కారులో కూర్చునేవాణ్ని. శనివారం వచ్చేసరికి నేను కూడా పురుగులు తినగా మిగిలిన పట్టీలాగే ఉండేవాణ్ని. అలాంటి ఒక శనివారం పొద్దున్నే మటన్ కొట్టుకు వెళ్లి, పొడుగు బొచ్చున్న తెల్లమేక తోలు, కోయకుండా, బొచ్చుతో సహా కావాలన్నాను. "మీట్ నహీ చాహియే?" అన్నాడు కొట్టతను, మాంసం అక్కర్లేదా అని. వద్దన్నాను. నన్ను చాలాసేపు చూసి, "భయ్యా, సబ్ ఠీక్ హై న ఘర్ మే?" అన్నాడు. ఇంట్లో అంతా బాగానే ఉందా అని ఆ నెలలో నన్ను అడిగినవాడు అతనొక్కడే.

లోపలి మాంసం పొరలు గీకడం, ఉప్పు పట్టించి మూడు రోజులు చుట్టిపెట్టడం, తర్వాత పెద్ద టబ్బులో పటిక నీళ్లు కలిపి నానబెట్టడం. టబ్బు పట్టేది మా పడకగది బాత్రూములోనే. "డాడీ, బక్రా ఉన్న బాత్రూములో నేను ఆఫీసుకు తయార్ కైసే అవ్వాలి?" అని మా ఆవిడ అరిచింది. ఢిల్లీలో పుట్టి పెరిగింది కాబట్టి కోపమొచ్చినప్పుడు ఆమెకు రెండు భాషలూ చాలవు. "నాలుగు రోజులమ్మా, కళ్లు మూసుకుని పోసుకో" అన్నారు మామగారు. నాలుగో రోజు సాయంత్రం నేను ఇంటికొచ్చి తలుపు తీసేసరికి టబ్బులో నీళ్లు పప్పుచారు రంగులో ఉన్నాయి. తెల్లమేక నిమ్మకాయ అన్నంలా పచ్చగా మెరుస్తోంది. వెనకాలే అత్తగారు నిలబడి ఉన్నారు. "కాస్తంత పసుపేశాను బాబూ. నీచు వాసనొస్తంది, పిల్ల చదువుకోలేకపోతంది" అన్నారు. మాంసం ఇంటికి రాగానే ఉప్పూ పసుపూ పట్టించని చెయ్యి మా వైపు ఎక్కడుంది? తప్పు జరిగింది కాని, మా తెలుగిళ్లలో జరగడానికి వీలున్న తప్పే జరిగింది. మామగారు టబ్బులోకి చూశారు, ఆవిడ వైపు చూశారు, "పసుపు ఎండకు నిలవదులే. ఎండ చూపిద్దాం" అని వెళ్లి కూర్చున్నారు.

ఢిల్లీలో నవంబరులో ఎండ చూపించడమంటే ఎక్కడినుంచి తేవాలి? పొద్దున పది దాటితే గాని సూర్యుడు కనబడడు. కనబడినా గుడ్డ కప్పిన బల్బులా ఉంటాడు. ప్లైవుడ్డు చెక్క మీద తోలును చుట్టూ మేకులతో బిగించి బాల్కనీలో నిలబెట్టాం. రెండో రోజు సొసైటీ సెక్రెటరీగారు వచ్చి, గుమ్మంలోంచే ముక్కు పైకెత్తి, "సర్, ఆప్‌కే బాల్కనీ మే కోయీ జాన్‌వర్ హై క్యా?" అన్నారు. జంతువు ఉందా అని. "హై నహీ, థా" అన్నాను, ఉంది కాదు, ఉండేది అని. ఆయన నవ్వలేదు. ఇరవై మూడో నియమానికి అంకురార్పణ ఆ క్షణంలోనే జరిగిందనుకుంటాను. నియమాల్లో డాబా ప్రస్తావన లేదు కనుక చెక్కతో సహా తోలును డాబా మీదికి మార్చాం. చలికాలం శని, ఆదివారాలు డాబా మీద సగం టవర్ ఉంటుంది. వేరుశనక్కాయలు, కమలాల్లాంటి కినూ పళ్లు, అల్లికలు, బీపీ కబుర్లు. వాళ్లంతా మా చెక్కకు మర్యాదగా పది గజాలు వదిలి కూర్చునేవారు. తోలుకు కాపలా అత్తగారు. బఠాణీలు ఒలుచుకుంటూ పక్కనే స్టూలు మీద కూర్చునేవారు.

వారం గడిచింది. పసుపు వెలవలేదు. ఎండ లేదు మరి, అనుకున్నాం. ఒక శనివారం ఆశ్చర్యంగా మంచి ఎండ కాసింది. నేను చెక్కను ఎండకు తిప్పి, బొచ్చు పైకి పెట్టి, ఆవిడకు టీ తేవడానికి కిందికెళ్లాను. పది నిమిషాల్లో తిరిగొచ్చేసరికి చెక్క బోర్లా పడుకుని ఉంది. బొచ్చు నేలవైపు, ప్లైవుడ్డు ఆకాశం వైపు. "ఎవరు తిప్పారండీ?" అన్నాను.

"గాలికి తిరిగుంటది."

"గాలి లేదండీ అత్తయ్యగారూ."

ఆవిడ ఒక బఠాణీకాయ ఒలిచారు, లోపల గింజలు లేకపోయినా చాలాసేపు ఒలిచారు. "కూర్చో బాబూ" అన్నారు. కూర్చున్నాను. "పసుపు ఉట్టి నీళ్లలో వేస్తే ఉతికితే పోద్దని, పటిక పోసిందాకా ఆగి వేశాను. పటిక రంగును పట్టుకుంటది. మా అమ్మ చీరలకు అద్దకం వేసేది, నాకు చిన్నప్పుడే తెలుసు." ఇంజనీరింగు నాలుగేళ్లు చదివాను. నాకు తట్టలేదు. "ఆయన గుండెల మీద చెవి పెట్టి చూడు ఒకసారి. నేను రోజూ వింటన్నాను. గోనెసంచి ఈడ్చినట్టుంటది. ఆ గాలితో ఆ బ్యాగ్‌పైప్ సంచి నింపుతాడంట, చర్చి గేటు కాడ్నించి లోపలిదాకా. వద్దంటే వినే మనిషైతే నాకీ పనెందుకు? సామాను లేదనుకో, ఆయనే మానుకుంటాడు. నేను మాన్పించాననే బాధ ఆయనకుండదు, ఆయన చచ్చిపోయాడనే బాధ నాకుండదు." టీ చల్లారిపోతోంది తాగండి అన్నాను. చెక్కను మళ్లీ తిప్పాలో వద్దో తెలియలేదు. చివరికి అడ్డంగా నిలబెట్టి వచ్చాను. అల్లుళ్లు ఇంతకన్నా పక్షపాతం లేకుండా ఉండటం కష్టం.

ఆ మధ్యాహ్నాలన్నీ మామగారు హాల్లో కూర్చుని స్పోరన్ వెనకవైపు సంచి కుడుతున్నారు. తోలు నాదే. పదేళ్ల సర్వీసుకు కంపెనీ వాళ్లిచ్చిన లెదర్ బ్యాగు కోసి ఇచ్చాను. ఆ పదేళ్లకూ దొరికిన ప్రయోజనం అదొక్కటే కాబోలు. ఒకే దారానికి రెండు చివరలా రెండు సూదులు. ఆరెతో ముందు రంధ్రం పొడిచి, అందులోంచి రెండు సూదుల్నీ ఎదురెదురుగా దూర్చి, రెండు చేతులూ చాపి బిగించాలి. ఒక కుట్టు తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. దారానికి మైనం రాయడం నా పని. ఒక ఆదివారం నేను మైనం రాస్తుండగా ఆయన తలెత్తకుండానే, "మీ అత్తయ్య నీతో చెప్పిందా?" అన్నారు.

"ఏంటండీ?" అన్నాను, ఆఫీసులో అప్రైజలప్పుడు వాడే గొంతుతో.

"నలభయ్యేళ్లుగా చూస్తన్నాను. ఆమె కూరలో పసుపు ఒక్కనాడు ఎక్కువ కాలేదు. మందు కొలిచే చెయ్యి అది. ఆ రోజు టబ్బులో చూసినప్పుడే తెలిసింది నాకు."

"మరి తెలిసీ కుడుతున్నారేంటండీ?"

"కుట్టడానికి ఊపిరి అక్కర్లేదుగా" అన్నారు. సూది దూర్చి, రెండు చేతులూ చాపి బిగించి, కాస్త ఆగి అలుపు తీర్చుకున్నారు. కుట్టడానికి కూడా అక్కరే. "బాబూ, నేను ఊదకపోతే ఎవరికీ ఏమీ కాదు. ఆ సంగతి తెలుసు. శాలువా కప్పి కూర్చోబెడతారు, బాగానే ఉంటది. అట్టా కూర్చోబెట్టినోళ్లను చాలామందిని చూశాను. ఆ కుర్చీలోంచి మళ్లీ లేచినోణ్ని ఒక్కణ్నీ చూళ్లేదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయిందని నేను గమనించాను. ఆయన గమనించారో లేదో. కాసేపటికి అత్తగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, మా ఇద్దరి మధ్యా నిలబడి, బల్ల మీదున్న సామానంతా ఇన్‌స్పెక్షన్ చేసినట్టు చూశారు. "నల్ల కుచ్చులు దేంతో కడతారు?" అన్నారు.

"ఊలుతో, సిస్టర్‌గారూ."

"ఊలు వేలాడదు. ఉండచుట్టుకుని ఎలకతోకలా ఉంటది." లోపలికి వెళ్లి బీరువా తెరిచారు. ప్లాస్టిక్ కవరులో చుట్టిన సవరం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు. పెళ్లినాటిదట. నల్లగా, పొడుగ్గా, నూనె పెట్టి దువ్వినట్టు మెరుస్తోంది. ఆవిడ తల అప్పటికే మొత్తం నెరిసింది. "మూడు కుచ్చులకు సరిపోద్ది. అంతకన్నా కోయొద్దు." ఆయన ఆ సవరాన్ని చేతిలోకి తీసుకోలేదు. వేలితో ఒకసారి తాకి ఊరుకున్నారు. ఆవిడ తర్వాతి మాటలు వార్డులో డ్యూటీ అప్పగించే గొంతుతో చెప్పారు. "ఒకే ఒక్క పాట. గేటు కాడ్నించి మెట్లదాకా. మెట్లెక్కేటప్పుడు ఊదేది లేదు. పొద్దున మందు లేకుండా బయల్దేరేది లేదు. రెండో పాట ఎత్తారంటే అందరి ముందూ వచ్చి లాక్కుంటాను, చెబుతున్నా హవల్దారుగారూ."

"రెండు పాటలు."

"ఒకటి."

"ఒకటిన్నర?"

"మందు చీటీలో ఒకటిన్నర ఉండదు" అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి డాబా మీద చెక్క ఎటు తిరిగి ఉండాలో అటే ఉంది. ఎండ ఉన్న గంటన్నరా ఆవిడే దాన్ని సూర్యుడి వెంట తిప్పేవారు. మిగిలిన పదిహేను రోజుల్లో పసుపు వెలిసి నెయ్యి రంగుకొచ్చి ఆగింది. ఇక తెల్లబడనంది. అప్పడంలా బిగుసుకున్న తోలుకు గుడ్డుసొన రాసి, కుర్చీ వీపు మీద అటూ ఇటూ లాగి మెత్తబరిచాం. తోలును బొచ్చు వైపునుంచి కత్తిరించకూడదట. వెనక్కి తిప్పి బ్లేడుతో చర్మం ఒక్కటే తెగేలా గీయాలి. కత్తెర పెడితే బొచ్చు కూడా తెగి స్పోరన్ క్రాఫు చేయించుకున్నట్టుంటుంది. ఒక మూల నేను కత్తెర పెట్టాను. ఆ క్రాఫు ఇప్పటికీ ఉంది. మామగారు చూసి, "కొత్త రిక్రూటు కోసిన ముక్క" అని ఊరుకున్నారు.

ఊరేగింపు జరిగే ఆదివారం పొద్దున చర్చి పక్కనున్న చిన్న గదిలో అత్తగారే ఆయన నడుముకు గొలుసు కట్టారు. దాని కొలికి వెనక ఉంటుంది, ఎవరికి వారు పెట్టుకోలేరు. పాత కొలతకన్నా మూడు లంకెలు లోపలికి బిగించాల్సి వచ్చింది. ఆవిడ స్పోరన్ మూత తెరిచి అందులో ఇన్‌హేలర్ పెట్టి మూశారు. "దీనికి జేబు అని పేరు పెట్టుకున్నందుకు ఇన్నాళ్లకు ఒక పనికొచ్చింది" అన్నారు. గేటు దగ్గరికి వచ్చాక ఆయన నిటారుగా నిలబడి, బ్యాగ్‌పైప్ సంచి చంకలో పెట్టుకుని గాలి నింపారు. పొగమంచులో అంతా లేచి నిలబడ్డారు. పాట మొదలైంది. ఆయన నడక నెమ్మదిగా ఉంది కాని తాళం తప్పలేదు. పక్కనే, రోడ్డు అంచున, అత్తగారు చేతి గడియారం చూసుకుంటూ అదే నడకతో నడుస్తున్నారు. సవరం కుచ్చులు మూడూ ఎడమకీ కుడికీ ఊగుతున్నాయి. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "పప్పా, నానా జీ రో రహే హై?" అంది, తాతగారు ఏడుస్తున్నారా అని. చలికి కళ్లు నీళ్లు కారుతున్నాయని చెప్పాను. చలి ఉన్నమాట నిజమే.

మెట్లకు ఇంకా పదడుగులుందనగా ఆయన పెదవులు గొట్టం మీంచి జారిపోవడం చూశాను. బుగ్గలు పడిపోయాయి, ఛాతీ ఎగసిపడుతోంది. పాట మాత్రం ఆగలేదు. ఆ వాద్యానికి అదొక సౌకర్యమట, నాకు ఆ రోజే తెలిసింది: నోటి గాలి ఆగాక కూడా, సంచిలో అప్పటికే నింపి పెట్టుకున్న గాలిని మోచేత్తో నొక్కుతూ కాసేపు లాక్కురావచ్చు. అలా నొక్కుతూ, వేళ్లు తప్పకుండా, చివరి చరణం మెట్లదాకా తెచ్చి నిలిపారు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరికీ తేడా తెలియలేదు. అత్తగారొక్కరే ఆ పదడుగులూ గడియారం చూడటం మానేసి ఆయన మోచేతిని చూస్తూ నడిచారు.

ఆయన ఇప్పుడు ఊదరు. చాలాసేపు పడుకునే ఉంటారు, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి లేచి కూర్చుని ఏదో ఒక జోకు వేస్తారు. ఫర్వాలేదు, బాగానే ఉన్నారు, ఇంకా చాలా కాలం ఉంది అనుకుంటూ నేను లాప్‌టాప్ తెరుస్తాను. లోపలికి వెళ్లే గాలి ఎప్పుడాగిందో చూసుకోం. పాట వినబడుతూనే ఉంటుంది కనుక కాలం ఇంకా మిగిలే ఉందనుకుంటాం.